బట్టల కొట్టాయన, పంటి పాచి

ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్ మనకి టెన్త్ బయాలజీలో ఒక్క లైనులో అయిపోతాడు. బాక్టీరియాని మొదట చూసినవాడు, అంతే. ఆయన చూసినవాటిలో కొన్ని తన సొంత పళ్ళ మీదివే అని మాత్రం ఎవరూ చెప్పరు.

1632లో హాలండ్‌లోని డెల్ఫ్ట్‌లో పుట్టాడు. బుట్టలు అల్లే నాన్న చిన్నప్పుడే పోయాడు. పదహారేళ్ళకి ఆమ్‌స్టర్‌డామ్‌లో బట్టల వ్యాపారి దగ్గర పనికి చేరి, తర్వాత సొంతూళ్ళో కొట్టు పెట్టుకున్నాడు. యూనివర్సిటీ మొహం చూడలేదు, లాటిన్ రాదు. బట్టల వాళ్ళు నేత చూడ్డానికి భూతద్దం వాడేవాళ్ళు. ఈయన అక్కడితో ఆగకుండా గింజంత లెన్సులు చేసి, లోహపు రేకుల మధ్య బిగించి, కంటికి ఆనించి చూసేవాడు. మిగిలినవాటిలో ఒకటి దాదాపు 270 రెట్లు పెద్దగా చూపిస్తుంది! 1673 నుంచి లండన్ రాయల్ సొసైటీకి డచ్ భాషలోనే ఉత్తరాలు రాశాడు. నీటిబొట్టులో ప్రాణులున్నాయంటే వాళ్ళు వెంటనే నమ్మలేదు. 1677లో రాబర్ట్ హుక్ చూసి అవునన్నాకే నమ్మారు.

1683 సెప్టెంబర్ ఉత్తరం పళ్ళ గురించి. రోజూ పొద్దున్నే ఉప్పుతో తోముకుని, సందులు పుల్లతో గీకి, గుడ్డతో రుద్దుకునేవాడు. అయినా పళ్ళ మధ్య తెల్లటి పాచి మిగిలేది. దాన్ని వాననీటిలో కలిపి చూస్తే ఈదుతున్న ప్రాణులు! జన్మలో పళ్ళు తోమని ఒక ముసలాయన పాచి అడిగి తీసుకుని, అందులోనూ చూశాడు.

ఆ తర్వాత చేసిన పని నాకు ఇంకా నచ్చింది. పాచిని వెనిగర్‌లో కలిపితే ప్రాణులు చచ్చాయి. నోట్లో వెనిగర్ పోసుకుని పుక్కిలిస్తే మాత్రం బతికే ఉన్నాయి. వెనిగర్ పాచి లోపలికి పోవట్లేదని అర్థం చేసుకున్నాడు. ఇప్పుడు మనం బయోఫిల్మ్ అంటున్నది దాన్నే. 1692లో ముందు పళ్ళ మీద అవి కదలకపోతే, తను తాగే వేడి కాఫీయే కారణమనుకున్నాడు. వెనక పళ్ళ మీద మాత్రం బతికున్నాయి.

చిగుళ్ళ జబ్బుకి డయోడ్ లేజర్ చేసేదీ వేడి పనే. సన్నటి ఫైబర్‌ని పంటికీ చిగురుకీ మధ్య సందులోకి దించుతారు. 810–980 నానోమీటర్ల పరారుణ కాంతిని రక్తంలోని హిమోగ్లోబిన్, మెలనిన్ పీల్చుకుని వేడెక్కుతాయి, అక్కడి బాక్టీరియా చస్తుంది. కానీ గట్టిపడిన గార దీనితో పోదు. ముందు స్కేలింగ్ చేయించుకోవాల్సిందే. దాని మీద లేజర్ అదనంగా ఎంత మేలు చేస్తుందో డాక్టర్లు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.

ఆ ప్రాణులకీ జబ్బుకీ సంబంధం లీవెన్‌హుక్‌కి తట్టలేదు. 1965లో డెన్మార్క్‌లో 12 మంది, ఎక్కువమంది డెంటల్ స్టూడెంట్లే, కావాలని బ్రష్ చేయడం మానేశారు. మూడు వారాల్లోపు అందరికీ చిగుళ్ళు వాచాయి. మళ్ళీ తోమితే తగ్గాయి.

ఆయనలో నాకు నచ్చనిది ఒకటుంది. మంచి లెన్సులు ఎలా చేస్తాడో ఎవరికీ చెప్పలేదు, అడిగినా నేర్పలేదు. 1723లో తొంభయ్యేళ్ళకి పోయాడు. ఆ తర్వాత వందేళ్ళ దాకా ఆయన చూసినంత స్పష్టంగా బాక్టీరియాని చూసినవాళ్ళు చాలా తక్కువ.