ఆచార్య ప్రఫుల్లచంద్ర రాయ్: శాస్త్రబోధన

శాస్త్రజ్ఞుని కీర్తిని లోకము సామాన్యముగా ఆతడు కనిపెట్టిన పదార్థములను బట్టియు, రచించిన గ్రంథములను బట్టియు నిర్ణయించును. తరగతిలో బాలుర యెదుట నిలిచి ఆతడు గడపిన గంటలను లెక్కించువారు అరుదు. ఆచార్య ప్రఫుల్లచంద్ర రాయ్ గారి విషయమున ఈ లెక్క సరిపోదు. వంగదేశమున రసాయన పరిశ్రమను నెలకొల్పిన కార్యశూరులుగను, హిందూ రసాయనశాస్త్ర చరిత్రను రచించిన పండితులుగను, ఖద్దరు ప్రచారకులుగను వారిని దేశమెరుగును. కాని వారి జీవితమున నలువదియేడు సంవత్సరములు ఉపాధ్యాయవృత్తి యందే గడచినవి. తక్కిన కార్యములన్నియు ఆ వృత్తి నుండియే శాఖలు శాఖలుగా విస్తరించినవి.

రాయ్ గారు 1861 ఆగస్టు 2వ తేదీన, నేడు బంగ్లాదేశములో చేరియున్న ఖుల్నా ప్రాంతపు రారూలి గ్రామమున జన్మించిరి. తండ్రి హరిశ్చంద్రులు భూస్వామి, విద్యాప్రియులు. తమ గ్రామమున పాఠశాలను నెలకొల్పి, ఇంట మంచి గ్రంథాలయమును సమకూర్చుకొనినవారు. 1870లో కుటుంబము కలకత్తాకు తరలగా బాలుడు హేర్ పాఠశాలలో చేరెను. 1874లో తీవ్రమైన అతిసార వ్యాధి సోకి చదువు మానవలసి వచ్చెను. ఆ యారోగ్యలోపము వారిని జీవితాంతము వెన్నాడినది. అయినను బడికి దూరమైన ఆ దినములే వారికి నిజమైన విద్యాభ్యాస కాలమయ్యెను. తండ్రిగారి గ్రంథాలయమున తమకిష్టమైన గ్రంథములను తామే యేరుకొని చదివిరి. పరీక్ష కొరకు గాక, తెలిసికొనవలెనను కోరికతో చదువుటలోని రుచి వారికి అప్పుడే తెలిసినది.

పిమ్మట విద్యాసాగరులు స్థాపించిన మెట్రోపాలిటన్ కళాశాలలో చేరిరి. అచట రసాయనశాస్త్ర బోధనకు తగిన వసతి లేనందున ప్రెసిడెన్సీ కళాశాలకు పోయి, పెడ్లరు దొరగారి ఉపన్యాసములను వినుచుండిరి. పెడ్లరు ప్రయోగములు చేసి చూపుటలో నేర్పరి. ఆ ప్రయోగములను చూచిన ప్రఫుల్లచంద్రుడు ఊరకుండలేకపోయెను. ఒక సహాధ్యాయి బసలో చిన్న ప్రయోగశాల నేర్పరచుకొని, తాను చూచినదానిని తానే చేసి చూడ నారంభించెను. ఒకమారు రేకుపని వానిచేత చేయించిన పరికరములో ఆమ్లజని, ఉదజని వాయువులను మండింపబోగా అది పెద్ద చప్పుడుతో ప్రేలినది. దైవవశమున ఎవరికిని గాయములు తగులలేదు. సాహిత్యాభిలాషి యైన ఆ యువకుని రసాయనశాస్త్రమునకు కట్టివేసినది పాఠ్యపుస్తకము కాదు. కన్ను చూచినది, చేయి చేసినది.

1882లో గిల్‌క్రిస్టు విద్యార్థివేతనమును సంపాదించి ఎడింబరో నగరమునకు పోయిరి. అచట క్రమ్ బ్రౌన్ ఆచార్యుని యొద్ద చదివి 1887లో డాక్టరు పట్టమును పొందిరి. 1888లో స్వదేశమునకు మరలివచ్చిన పిదప ఇంచుమించు ఒక సంవత్సరము ఉద్యోగము లేక ఉండవలసి వచ్చెను. 1889లో ప్రెసిడెన్సీ కళాశాలలో లభించినది నెలకు 250 రూపాయల జీతముగల తాత్కాలిక సహాయాచార్య పదవి. అంతటి యోగ్యతయే గల ఆంగ్లేయులకు ఉన్నతశ్రేణి ఉద్యోగములు లభించుచుండగా భారతీయులకు ఆ ద్వారములు దాదాపు మూయబడియుండెడివి. రాయ్ గారు ఈ యన్యాయమును విద్యాశాఖాధిపతి యెదుట ప్రస్తావించిరి, ఫలితము కానరాలేదు. అయినను తమకు జరిగిన అన్యాయమునకు శిష్యులచేత వెల చెల్లింపలేదు. తరగతిలో వారి శ్రద్ధ ఎన్నడును కొరవడలేదు.

వారి బోధనామార్గము గమనింపదగినది. పెద్ద పండితులు పై తరగతులను కోరుట లోకరీతి. క్రింది తరగతులు క్రొత్తగా చేరిన ఉపాధ్యాయుల పాలబడును. రాయ్ గారు దీనికి విరుద్ధముగా, పాఠశాల విడిచి అప్పుడే కళాశాలలో అడుగిడిన బాలుర తరగతులను తామే కోరి తీసికొనిరి. పచ్చిమట్టి కుమ్మరి చేతిలో కోరిన రూపమును తాల్చును గాని, కాలిన కుండకు రూపము మార్చుట యెవరి తరమునుగాదు. శాస్త్రము నెడల ప్రీతి గాని విముఖత గాని ఆ తొలి దినములయందే నాటుకొనును. కావున మొదటి పాఠమును చెప్పుటకు అందరికంటె ఎక్కువ తెలిసినవాడే కావలెనని వారి నమ్మకము.

వారు ఏ ఒక్క పాఠ్యపుస్తకమును పట్టుకొని బోధింపలేదు. ప్రతి పాఠమునకును ప్రయోగమే మూలము. ఉద్యోగమున చేరిన తొలినాళ్లలో ప్రయోగ సహాయకులైన చంద్రభూషణ్ భాదుడి గారి తోడ్పాటుతో, తరగతిలో చూపవలసిన ప్రయోగములను ముందుగా చేసి చూచుకొనెడివారు. ఎడింబరో డాక్టరు తనకన్న చిన్న పదవిలో నున్నవాని యొద్ద చేతిపని నేర్చుకొనుటకు సిగ్గుపడలేదు. విద్యార్థుల యెదుట ప్రయోగము తప్పిపోయినచో శాస్త్రము మీదనే నమ్మకము సడలునని వారెరుగుదురు.

ఎముకను గూర్చిన పాఠము మిక్కిలి ప్రసిద్ధము. ఎముకను బాగుగా కాల్చినచో అందలి జాంతవ పదార్థము నశించి, సున్నము, భాస్వరములతో కూడిన తెల్లని బూడిద మిగులును. అది ఏ జంతువు ఎముకయో ఇక చెప్పవలనుపడదు. అది కేవలము ఒక రసాయన ద్రవ్యము. ఈ మాటను నోటితో చెప్పి ఊరకొనక, వారా బూడిదను చిటికెడు తీసి తరగతి యెదుట తమ నోట వేసికొనెడివారు. అంటు, మైల అను భావములలో పెరిగిన ఆ బాలురకు రసాయన పరిణామ మన నేమియో ఆ క్షణమున బోధపడెడిది. దానితోపాటు, పరీక్షించి చూడనిదే దేనిని నమ్మరాదనియు, దేనిని తృణీకరింపరాదనియు కూడ బోధపడెడిది. శాస్త్రబోధన యొక్క పరమార్థ మిదియే గదా!

కళాశాలకు రాకముందే బాలురకు ప్రకృతి పరిచయము కలుగవలెనని వారి యాశయము. 1893లో వంగభాషలో సులభమైన జంతుశాస్త్ర గ్రంథమును ప్రకటించిరి. రసాయన శాస్త్రజ్ఞులయ్యును దాని కొరకు జంతుప్రదర్శనశాలకును, వస్తుప్రదర్శనశాలకును పోయి జంతువులను స్వయముగా పరిశీలించిరి. పరభాషలో వల్లించిన శాస్త్రము జ్ఞాపకములో నిలుచును గాని బుద్ధిలో నాటదనియు, మాతృభాషయే బోధనభాష కావలెననియు వారు పలుమారులు నొక్కిచెప్పిరి.

వారి ప్రయోగశాల గోడలు దాటి వీధికి వచ్చుటచేతనే బెంగాల్ కెమికల్ సంస్థ జన్మించినది. 1892లో సుమారు 700 రూపాయల మూలధనముతో, తమ యద్దె యింటనే పని నారంభించిరి. కసాయివారి యొద్ద ఎముకలు కొని మేడమీద ఎండవేయగా, కాకులు మూగి, దుర్గంధము వ్యాపించి ఇరుగుపొరుగువారు మొఱపెట్టుకొనిరి. తుదకు వాటిని ఊరి వెలుపలికి తరలించి కాల్పించిరి. పగలు కళాశాలలో పాఠము, సాయంకాలము మందుల తయారీ! 1901లో అది 2 లక్షల మూలధనముగల పరిమిత సంఘమైనది. పట్టము చేతబట్టుకొని గుమాస్తా ఉద్యోగమునకై తిరుగు యువకులకు, నేర్చిన విద్యతో స్వతంత్రముగా జీవింపవచ్చునని వారు వాదముచేత గాక ఉదాహరణముచేత చూపిరి. ఆ సంవత్సరములలోనే పాదరస నైట్రైటును తయారుచేసి, 1896లో ఆ పరిశోధనను ప్రకటించిరి.

ఇక శిష్యసంపద. నీలరతన్ ధర్, రసిక్‌లాల్ దత్తు, జ్ఞానచంద్ర ఘోష్, జ్ఞానేంద్రనాథ ముఖర్జీలు వారి చేతిలో రూపొందిరి. మేఘనాథ సాహా, సత్యేంద్రనాథ బోసులును ఆ తరగతి గదులలో కూర్చుండినవారే. శిష్యుని పేరు తన పేరును మించవలెనని కోరు గురువు వారు. 1916లో ప్రెసిడెన్సీ కళాశాలను వీడి విశ్వవిద్యాలయ విజ్ఞాన కళాశాలలో ఆచార్యులైరి. అరువదియేండ్లు నిండిన 1921 నుండి తమ జీతమును విశ్వవిద్యాలయమునకే యిచ్చివేసిరి. బ్రహ్మచారులగు వారికి విజ్ఞాన కళాశాలలోని ఒక గదియే గృహము, విద్యార్థులే కుటుంబము. 1922 నాటి ఉత్తర వంగదేశపు వరదలలో సహాయసంఘమును నడపినప్పుడును యువకులే వారి సైన్యము. 1923 డిసెంబరులో కాకినాడ కాంగ్రెసు సందర్భమున ఖాదీ ప్రదర్శనమును ప్రారంభించుటకై ఆంధ్రదేశమునకు వచ్చిరి. 1936లో ఉద్యోగమును విరమించి, 1944 జూన్ 16వ తేదీన ఆ గదియందే కన్నుమూసిరి.

ఈ చరిత్ర నుండి మనము గ్రహింపవలసిన దేమి? ఊరనొక బడి వెలయుటకు స్థలము నిచ్చినవారును, చందాల నిచ్చినవారును మనలో కలరు. అది శ్లాఘ్యమే. కాని ఆ బడిలో శాస్త్రపరికరములు బీరువాలో బీగమువేసి యున్నవో, బాలుర చేతులలో నున్నవో విచారించువారు కొందరే. మన కుమారుడు ఎన్ని మార్కులు తెచ్చెనని అడుగుదుము. ఏమి చేసి చూచెనని అడుగము. ఆరవ తరగతి ఉపాధ్యాయుని చిన్నచూపు చూచి, పెద్ద కళాశాల ఆచార్యునకు మాత్రము నమస్కరింతుము. రాయ్ గారు ఈ వరుసను తలక్రిందులు చేసిరి. పునాది వేయువాడే ప్రధాన శిల్పి యని తమ ఆచరణముచే నిరూపించిరి. క్రింది తరగతి ఉపాధ్యాయునకు తగిన గౌరవమును, తగిన పరికరములను సమకూర్చుటయే ఆ మహనీయునకు మన మర్పింపదగిన నివాళి. అది ఒక ప్రభుత్వమే చేయవలసిన పనియు కాదు. ప్రతి గ్రామపు పెద్దలు తలపెట్టినచో నెరవేరునట్టిది.