పిల్లల నవ్వుల వెనుక పెద్దమనిషి: అలస్టేర్ సిమ్

1947లో ఇంగ్లండులో విడుదలైన 'హ్యూ అండ్ క్రై' చిత్రాన్ని చూసినవారికి రెండు సంగతులు గుర్తుండిపోతాయి. ఒకటి, యుద్ధకాలపు బాంబులకు కూలిన లండన్ ఇళ్ల శిథిలాల మీద కేకలు వేస్తూ పరుగులు తీసే పిల్లల దండు. రెండోది, ఆ పిల్లలను చూసి గడగడలాడే ఒక రచయిత. ఆయన పిల్లల పత్రికలో సాహస కథలు రాస్తుంటాడు. ఆ కథలలో దొంగలు తమ రహస్య సంకేతాలను చొప్పిస్తున్నారన్న సంగతి ఆయనకే తెలియదు, పిల్లలు వచ్చి చెప్పేదాకా. కాగితం మీద వీరులను నడిపించే ఆ మహానుభావుడు స్వయంగా పరమ పిరికి. తెర మీద కనిపించేది కొద్దిసేపే అయినా ఆ పాత్రను చిరస్మరణీయం చేసిన నటుడు అలస్టేర్ సిమ్.

ఆయన 1900 అక్టోబరు 9న స్కాట్లండులోని ఎడిన్‌బరో నగరంలో జన్మించారు. తండ్రి అలెగ్జాండర్ వృత్తిరీత్యా దర్జీ. లోథియన్ రోడ్డులో దుకాణం నడిపేవారు. తల్లి ఇసబెల్లా పడమటి సముద్రంలోని ఐగ్ అనే చిన్న దీవి ఆడపడుచు. గేలిక్ ఆమె పుట్టుభాష. ఇంట ఒక మాట, వీధిలో మరొక మాట, బడిలో ఇంకొక మాటగా పెరిగిన మన సరిహద్దు గ్రామాల వారికి ఆ తల్లి స్థితిని వేరే వివరించనక్కరలేదు. ఆమె కుమారుడే తరువాత ఇంగ్లీషు ఉచ్చారణకు గురువు కావడం విశేషం.

ఆ స్థాయికి చేరడం మాత్రం అంత సులువుగా జరగలేదు. పద్నాలుగో ఏట చదువు ఆగింది. తండ్రి దుకాణంలో సరుకులు చేరవేశారు. తరువాత ఒక బట్టల కొట్టులో చేరారు గాని అమ్మకం ఆయనకు అబ్బలేదు. విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రం మొదలుపెట్టగా 1918లో సైన్యం పిలుపు వచ్చింది. యుద్ధరంగానికి వెళ్లకుండానే యుద్ధం ముగిసింది. తిరిగివచ్చి, నటుడినవుతానని ఇంట్లో చెప్పారు. కుటుంబం మండిపడింది. ఆ యువకుడు ఇల్లు విడిచి, ఏడాది కాలం ఉత్తరాన కొండసీమలలో కూలి జనంతో కలిసి తిరిగారు. ఆ ఏడాది ఆయన ముఖానికి ఎన్ని భావాలు నేర్పిందో గాని, తరువాతి కాలంలో ఆ ఉబ్బిన కళ్లు, వాలిన పెదవులు మాట్లాడకుండానే జనాన్ని నవ్వించాయి.

తిరిగి ఎడిన్‌బరో చేరి పురపాలక కార్యాలయంలో ఉద్యోగం చేస్తూ పద్య పఠనంలో బహుమతి గెలుచుకున్నారు. 1925 నుండి 1930 వరకు న్యూ కాలేజీలో వాగ్విద్య బోధించారు. పిల్లలకోసం సొంతంగా నాటక పాఠశాల నడిపారు. ముప్పై ఏళ్ల వయసులో, 1930లో, లండనులో పాల్ రోబ్సన్ ఒథెల్లోగా నటించిన నాటకంలో ఒక చిన్న వేషంతో వృత్తి నటుడయ్యారు. 1932లో నయోమీ ప్లాస్కిట్‌ను వివాహమాడారు. 1935 నుండి సినిమాలు.

1940లో 'కాటేజ్ టు లెట్' నాటకంలో ఆయనతో పాటు జార్జ్ కోల్ అనే పదిహేనేళ్ల లండన్ కుర్రాడు నటించాడు. కోల్‌ను కన్నవారు వేరు, పెంచినవారు వేరు. నగరం మీద బాంబులు పడుతుంటే సిమ్ దంపతులు ఆ కుర్రాడిని, అతని పెంపుడు తల్లిని తమ పల్లెటూరి ఇంటికి తీసుకువచ్చారు. అతడు అక్కడే ఉండి పెరిగాడు. తూర్పు లండన్ వాడల కాక్నీ యాస నాటకరంగంలో అతని అవకాశాలకు అడ్డు కాకూడదని, దానిని వదిలించడానికి శ్రద్ధగా తర్ఫీదునిచ్చారు. గేలిక్ తల్లి బిడ్డ అయిన సిమ్ మరొకరి యాసను దిద్దబూనడం ఈ రచయితకు కొంత వింతగానే తోస్తుంది. అయితే విధి చమత్కారం చూడండి.

1954లో 'ది బెల్స్ ఆఫ్ సెయింట్ ట్రినియన్స్' వచ్చింది. అది ఒక అల్లరి బాలికల పాఠశాల కథ. గుర్రప్పందాల కోసం బాలికలు ఏకంగా ఒక గుర్రాన్నే దాచేస్తారు. సిమ్ అందులో ప్రధానోపాధ్యాయురాలు మిస్ ఫ్రిట్టన్‌గాను, ఆమె సోదరుడు, జూదరి అయిన క్లారెన్స్‌గాను ద్విపాత్రాభినయం చేశారు. ఆడవేషమంటే వెకిలి చేష్టలని అనుకునేవారు ఆ అభినయం చూసి తీరాలి. ఎంతో హుందాగా, బడి అప్పుల గురించి దిగులుపడే ఒక పెద్దామెగానే ఆయన నటించారు. నవ్వు దానంతట అదే వచ్చింది. ఆ చిత్రంలోనే ఫ్లాష్ హ్యారీ అనే వీధి దళారిగా జార్జ్ కోల్‌కు గొప్ప పేరు వచ్చింది. ఏ యాసను వదలమన్నారో, ఆ యాసతోనే!

అంతకుముందు 1950లో 'ది హ్యాపియెస్ట్ డేస్ ఆఫ్ యువర్ లైఫ్', 1951లో 'స్క్రూజ్' వచ్చాయి. 'పీటర్ పాన్' నాటకంలో కెప్టెన్ హుక్‌గా పిల్లలను ఎన్నోసార్లు భయపెట్టారు. చదువు మధ్యలో వదిలిన ఎడిన్‌బరో విశ్వవిద్యాలయానికే 1948 నుండి 1951 వరకు విద్యార్థులు ఎన్నుకున్న రెక్టరుగా ఉన్నారు.

కీర్తి విషయంలో ఆయన పట్టుదల కొందరికి గర్వంగా కనిపించింది. అభిమానులకు సంతకాలు ఇచ్చేవారు కారు. నటుడిని పాత్రలలోనే చూడాలన్నది ఆయన మతం. 1953లో సి.బి.ఇ. గౌరవాన్ని స్వీకరించినా, తరువాత సర్ బిరుదు ఇస్తామంటే వద్దన్నారు.

1976 ఆగస్టు 19న లండనులో కేన్సరుతో మరణించారు. నయోమీ 1999 వరకు జీవించారు. 2015లో మరణించిన జార్జ్ కోల్, తాను సంసారి అయ్యాక కూడా ఆ దంపతులకు దూరం పోలేదు. వారి ఇంటికి దగ్గరలోనే ఇల్లు కట్టుకున్నారు.