బిషప్పుగారి కుమారుడు నోయెల్ చవాస్

ఇంగ్లాండులో లివర్‌పూల్ బిషప్పుగా నుండిన ఫ్రాన్సిస్ చవాస్ గారికి ఏడుగురు బిడ్డలు. వారిలో క్రిస్టఫర్, నోయెల్ అను కవలలు 1884 నవంబరు 9న జన్మించిరి. ఇరువురును 1908 లండన్ ఒలింపిక్ పరుగు పందెములలో పాల్గొనిరి. క్రిస్టఫర్ గురువాయెను, నోయెల్ వైద్యుడాయెను.

1914లో యుద్ధము రాగా నోయెల్ లివర్‌పూల్ స్కాటిష్ పటాలముతో ఫ్రాన్సునకు వెళ్లెను. పటాలపు వైద్యుడు తన యొద్దకు మోసికొని వచ్చినవారికి కట్టు కట్టిన చాలును, ఎవరును తప్పు పట్టరు. ఈయన అట్లుండలేదు. 1916 ఆగస్టులో గిల్లెమాంట్ యొద్ద పగలంతయు గుండ్ల మధ్య గాయపడినవారిని చూచి, రాత్రి శత్రువుల కందకముల యెదుటనే నాలుగు గంటలు వెదకెను. ఇరువది మంది వరకు బ్రదికిరి. అందులకు విక్టోరియా క్రాసు పతకము నిచ్చిరి.

1917 జూలై మొదట చిన్న తమ్ముడు ఎయిడన్ యుద్ధభూమిలో కనబడకపోయెను. దేహమును దొరకలేదు. ఆ నెల 31న బెల్జియములో నోయెల్ తలకు గాయమాయెను. అయినను వెనుకకు పోక, రెండు దినములు బురదలో తిరిగి గాయపడినవారిని చేర్చుచుండెను. ఆగస్టు 2న ఆయన యున్న చోటనే గుండు పడెను. 4న బ్రాండ్‌హోక్ ఆసుపత్రిలో మరణించెను. గ్లాడిస్ అను బంధువుల కన్యతో వివాహము నిశ్చయమైయుండెను.

ఎందరి యిండ్లలోనో ఆదరణ వాక్యము చెప్పిన తండ్రి యింటికే ఈ రెండు వార్తలు ఒక్క నెలలో వచ్చెను. ఆ రాత్రి వారి కుటుంబ ప్రార్థన ఎట్లు జరిగెనో మేము ఊహింపజాలము.

రెండవ పతకము మరణానంతరము వచ్చెను. సమాధి రాతిపై రెండు క్రాసులు చెక్కబడియున్నవి. వాటి క్రింద తండ్రి కోరిన వచనము, యోహాను 15:13.