పోలియో చుక్కల సాబిన్ చేసిన మరో మేలు

చిన్నప్పుడు పోలియో చుక్కలు వేయించుకోని వాళ్లు మన హాస్టల్లో బహుశా ఉండరు. ఆ మందు తయారుచేసిన డాక్టర్ ఆల్బర్ట్ సాబిన్ పేరు జనరల్ నాలెడ్జ్ పుస్తకాల్లో అందరం చదివినదే. పిల్లుల ద్వారా వ్యాపించే ఒక జబ్బుకు రక్తపరీక్ష కనిపెట్టిందీ ఆయనేనని మాత్రం ఈ వ్యాసం కోసం చదివేదాకా మాకు తెలియదు.

సాబిన్ 1906 ఆగస్టు 26న బియాలిస్టోక్ పట్టణంలో ఒక యూదు కుటుంబంలో పుట్టారు. అది అప్పట్లో రష్యా సామ్రాజ్యంలో ఉండేది, ఇప్పుడు పోలండ్‌లో ఉంది. ఆయన పదిహేనో ఏట కుటుంబం అమెరికాకు వలస వెళ్లింది. దంతవైద్యుడైన ఒక బంధువు, తన వృత్తిలోకే రావాలని ఆయనను చదివించారు. ఆ చదువులో ఉండగానే పాల్ డి క్రూయిఫ్ రాసిన సూక్ష్మజీవుల పరిశోధకుల కథలు చదివి సాబిన్ మనసు మార్చుకున్నారు. వైద్యం వైపు మళ్లేసరికి బంధువు సాయం ఆగిపోయింది. చిన్నాచితకా పనులు, స్కాలర్‌షిప్పులతో నెట్టుకొచ్చి 1931లో న్యూయార్క్ యూనివర్సిటీ నుంచి డాక్టర్ పట్టా అందుకున్నారు. స్కాలర్‌షిప్పు కోసం ఎదురుచూపులంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

1939లో సిన్సినాటి పిల్లల ఆసుపత్రిలో పరిశోధకుడిగా చేరారు. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవిపై కూడా ఆయన పరిశోధన చేశారు. ఆరోగ్యవంతుల్లో ఇది చాలావరకు తెలియకుండానే ఉండిపోతుంది. గర్భిణికి కొత్తగా సోకితే మాత్రం కడుపులోని బిడ్డ మెదడు, కళ్లు దెబ్బతినవచ్చు. ఒంట్లో దాక్కున్న ఈ జీవిని నేరుగా పట్టుకోవడం కష్టం. అందుకే సాబిన్, హ్యారీ ఫెల్డ్‌మన్‌తో కలిసి 1948లో ఒక ఉపాయం కనిపెట్టారు. బతికున్న టాక్సోప్లాస్మాకు మిథిలీన్ బ్లూ రంగు కలిపితే అది నీలంగా మారుతుంది. జబ్బు సోకినవారి రక్తరసంలో ప్రతిరక్షకాలు, అంటే యాంటీబాడీలు ఉంటాయి. ఆ రసం కలిపితే పరాన్నజీవికి రంగు పట్టదు. రంగు పట్టలేదంటే జబ్బు సోకినట్టే!

ఆ తర్వాత పోలియో చుక్కలు. సోవియట్ యూనియన్‌లో లక్షలాది పిల్లలకు వేసి చూశాక అమెరికా కూడా ఒప్పుకుంది. ఆ మందుకు సాబిన్ పేటెంట్ తీసుకోలేదు.

ఇక పిల్లుల సంగతి. ఈ జీవి పిల్లి పేగుల్లో పెరిగి, గుడ్లలాంటి రూపంలో మలంతో బయటికొస్తుందని 1970 నాటికి తేలింది. ఆ పరిశోధనలో భారతదేశంలో పుట్టిన జె.పి. దూబే పాత్ర పెద్దది. అప్పటినుంచి పిల్లుల రక్తపరీక్షకు ప్రాధాన్యం పెరిగింది. అయితే ఫలితం అర్థం చేసుకోవడంలోనే చాలామంది పొరబడతారు. ప్రతిరక్షకాలు ఉన్నాయని తేలగానే పిల్లిని వదిలేస్తారు. నిజానికి పిల్లి సాధారణంగా మొదటిసారి సోకినప్పుడు ఒకటి రెండు వారాలే ఆ గుడ్లను విడుస్తుంది. రక్తంలో ప్రతిరక్షకాలు కనిపించే వేళకు ఆ దశ చాలావరకు ముగిసిపోతుంది. పరీక్షలో ఏమీ లేదని తేలిన పిల్లి రేపు ఒక ఎలుకను తిని జబ్బు తెచ్చుకోవచ్చు. ఇంట్లో గర్భిణి ఉందని పాపం ఆ మొదటి పిల్లిని వెళ్లగొట్టడం మాకైతే అన్యాయమనిపించింది. పిల్లి మలం రోజూ ఇంకొకరు తీసేస్తే చాలు. ఆ గుడ్లు జబ్బు అంటించే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. సరిగా ఉడకని మాంసం, కడగని కూరగాయల వల్ల కూడా ఇది సోకుతుంది.

సాబిన్ 1993 మార్చి 3న కన్నుమూశారు. ఆయన పరీక్షకు బతికున్న పరాన్నజీవి కావాలి కాబట్టి కొద్ది ప్రయోగశాలల్లోనే చేయగలరు. పిల్లులకు ఎక్కువగా వేరే తేలిక పద్ధతులు వాడుతున్నారు. కొత్తగా వచ్చిన పద్ధతులు ఎంత నమ్మదగినవో తేల్చడానికి మాత్రం సాబిన్, ఫెల్డ్‌మన్‌ల నీలిరంగు పరీక్షతోనే పోల్చి చూస్తూ వచ్చారు.