బఠాణీ మడిలో దొరికిన సత్యం

మీ ఇంట పదవ తరగతి చదివే పిల్లలుంటే వారి జీవశాస్త్ర పుస్తకం ఒకసారి తెరిచి చూడండి. అనువంశికత పాఠంలో గ్రెగర్ మెండెల్ అనే పేరు కనిపిస్తుంది. పిల్లలు ఆ పేరునూ, బఠాణీల లెక్కలనూ వల్లె వేస్తారు. కాని ఆయన కతోలిక గురువనీ, అగస్టీను సభ మఠవాసి అనీ చాలామందికి తెలియదు. ఆయన కనుగొన్న సత్యం మన ఇళ్లలో తల్లుల మీద పడే ఒక నిందను తుడిచివేయగలదని అంతకన్నా తక్కువమందికి తెలుసు.

మెండెల్ 1822 జూలైలో, నేటి చెక్ దేశంలో ఉన్న హైంజెన్‌డార్ఫ్ అనే పల్లెలో, రైతు కుటుంబంలో జన్మించారు. జ్ఞానస్నానంలో పెట్టిన పేరు యోహాను. 1838లో తండ్రి మీద చెట్టు దుంగ పడి, ఆయన మునుపటిలా సేద్యం చేయలేకపోయారు. కుమారుడి చదువు ఆగిపోయే పరిస్థితి వచ్చింది. అప్పుడు చెల్లెలు తెరేసియా తన కట్నం సొమ్ములో కొంత అన్న చదువుకు ఇచ్చివేసింది. చెల్లెలి కట్నానికి అన్న అప్పుచేసే ఊళ్లలో ఉన్న మనకు ఆ త్యాగం విలువ చెప్పనక్కరలేదు. మెండెల్ కూడా మరువలేదు. తరువాతి కాలంలో ఆమె ముగ్గురు కుమారుల చదువుకు ఆయనే అండగా నిలిచారు.

1843లో ఆయన బ్రున్ నగరంలోని పునీత తోమాసు మఠంలో చేరి గ్రెగర్ అనే పేరు స్వీకరించారు. 1847లో గురుపట్టం పొందారు. అయితే వ్యాధిగ్రస్తుల బాధ చూసి తట్టుకోలేక తానే మంచాన పడేవారు. మఠాధిపతి నాప్ ఆయన మనసు ఎరిగి బడిలో పాఠాలు చెప్పడానికి పంపారు. కాని ఉపాధ్యాయ అర్హత పరీక్షలో 1850లో తప్పారు. తరువాత రెండేళ్లు వియన్నా విశ్వవిద్యాలయంలో చదివి, 1856లో మళ్లీ ప్రయత్నించినా ఉత్తీర్ణులు కాలేకపోయారు. డీఎస్సీ రాసి నిరాశపడిన మన యువతీ యువకులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఆయన పరిశోధన మొదలుపెట్టింది ఆ 1856లోనే.

మఠం తోటలో ఆయనకు దొరికిన మడి సుమారు 35 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు. మన లెక్కలో ఆరు సెంట్లు. అందులో ఎనిమిదేళ్లు సుమారు 28,000 బఠాణీ మొక్కలు పెంచారు. పొడుగు రకం పూవుకు పొట్టి రకం పుప్పొడి తన చేత్తో అద్ది, కాసిన గింజలను లెక్కపెట్టి మళ్లీ విత్తేవారు. మొదటి తరంలో మొక్కలన్నీ పొడుగువే. పొట్టితనం పోయిందనుకోవచ్చు. కాని వాటి గింజలు విత్తగా 787 పొడుగు మొక్కలతో పాటు 277 పొట్టి మొక్కలు లేచాయి. ఇంచుమించు మూడింటికి ఒకటి. అంటే పొట్టితనం నశించలేదు, దాగి ఉంది. ప్రతి లక్షణానికీ తల్లి నుండి ఒక కారకం, తండ్రి నుండి ఒక కారకం వస్తాయనీ, ఒకటి పైకి కనిపిస్తే రెండవది లోపల ఉండిపోవచ్చుననీ ఆయన గ్రహించారు. ఆ కారకాలనే ఇప్పుడు జన్యువులు అంటున్నాము.

1865 ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఈ ఫలితాలను స్థానిక శాస్త్ర సంఘం ముందు చదివారు. మరుసటి ఏడు అవి అచ్చయ్యాయి. పట్టించుకున్నవారు అరుదు. 1868లో మఠాధిపతిగా ఎన్నికైన తరువాత, మఠాలపై ప్రభుత్వం వేసిన పన్ను గురించిన పోరాటంలోనే చివరి ఏళ్లు గడిచిపోయాయి. 1884 జనవరి 6న, ముగ్గురు రాజుల పండుగనాడు, కన్నుమూశారు. 1900లో ముగ్గురు శాస్త్రజ్ఞులు వేర్వేరుగా అదే సూత్రానికి చేరి, పాత పత్రికలు తిరగవేస్తే అక్కడ మెండెల్ పేరు కనిపించింది.

ఆ ఆరు సెంట్ల మడి ఫలం నేడు మన కంచంలోకి వచ్చింది. స్వర్ణముఖి ఒడ్డున ఉన్న మన నాయుడుపేట రైతులకు బీపీటీ 5204, అంటే సాంబ మసూరి, కొత్త పేరు కాదు. బాపట్ల పరిశోధన కేంద్రంలో రకాలను సంకరం చేసి, తరతరాలుగా మేలైన మొక్కలను ఏరి 1986లో విడుదల చేశారు. అన్నం బాగుంటుంది, కాని ఎండాకు తెగులుకు లొంగిపోతుంది. హైదరాబాదు శాస్త్రజ్ఞులు ఆ తెగులును తట్టుకొనే మూడు జన్యువులను సంకరం ద్వారానే చేర్చి, 2008లో మెరుగైన సాంబ మసూరిని అందించారు. అదే సాంబ మసూరిలో ఒక జన్యువును సవరించి రూపొందించిన కమల అనే రకాన్ని 2025 మే నెలలో ప్రకటించారు. ఏరడం, కలపడం, సవరించడం అనే మూడు మెట్లూ ఒకే వరిలో చూడవచ్చు.

మనం జబ్బు చేస్తే పరుగెత్తే వేలూరులోనూ ఈ విద్య అడుగుపెట్టింది. హీమోఫీలియా అనే వ్యాధిలో దెబ్బ తగిలితే రక్తం గడ్డకట్టదు. ఆ లోపం తల్లిలో దాగి ఉండి మగబిడ్డలో బయటపడుతుంది. అక్కడి క్రైస్తవ వైద్య కళాశాల వైద్యులు ఐదుగురు రోగుల మూలకణాలను తీసి, సరైన జన్యువును చేర్చి, తిరిగి వారికే ఎక్కించారు. వారిలో రక్తస్రావాలు ఆగిపోయాయని 2024 డిసెంబరులో వైద్య పత్రికలో వెలువడింది. ఇదే జన్యు చికిత్స. రోగి శరీర కణాలలోని లోపాన్ని సరిచేసే ఇటువంటి వైద్యం సూత్రరీత్యా సమ్మతమేనని తిరుసభ 2008లో తెలియజేసింది. పుట్టబోయే తరాలకు సంక్రమించే మార్పులు మాత్రం నేటి స్థితిలో తగవని చెప్పింది.

ఇక మన ఇంటి సంగతికి వద్దాం. బిడ్డ తలసీమియాతో పుడితే కోడలి వంశాన్ని తప్పుపట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. కాని ఆ వ్యాధి రావాలంటే తండ్రి నుండి ఒక లోపం, తల్లి నుండి ఒక లోపం రెండూ కలవాలి. ఇద్దరూ పైకి ఆరోగ్యవంతులే. అటువంటి దంపతులకు ప్రతి కాన్పులోనూ వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. అది ఎవరి పాపమూ కాదు, శాపమూ కాదు. మేనరికాల్లో ఇద్దరికీ ఒకే తాత, అవ్వ కాబట్టి ఒకే లోపం ఇద్దరిలోనూ దాగి ఉండే అవకాశం పెరుగుతుంది. మేనమామ బిడ్డను చేసుకోవడానికి బిషప్పు గారి అనుమతి కోరే కుటుంబాలు, ఆ కాగితంతో పాటు వైద్యుని సలహా కూడా తీసుకుంటే మంచిది. తలసీమియా లోపం లోపల దాగి ఉందో లేదో చిన్న రక్తపరీక్ష చెబుతుంది.

కనుక తల్లిదండ్రులారా, పెళ్లి మాటల్లో పొలం, బంగారం లెక్కలతో పాటు ఈ పరీక్ష మాట కూడా రానివ్వండి. బిడ్డ జబ్బుతో పుట్టిన ఇంట్లో ఎవరివల్ల వచ్చిందని అడగకండి. ఆ తల్లి వెంట ఆసుపత్రికి వెళ్లండి.