చార్లెసు ఫిలిప్ బ్రౌను దొరగారి చరిత్రము

గ్రంథాలయమునకు పోయి బీరువానుండి యొక పుస్తకమును తీసికొనునపుడు, అది మనచేతికి వచ్చుటకు ముందు ఎవరెవరి చేతులు దాటివచ్చినదో మనము తఱచుగా ఆలోచింపము. కడప పట్టణమున సి.పి. బ్రౌను పేర నొక గ్రంథాలయము కలదు. ఆ దొర నివసించిన బంగళా శిథిలమైన స్థలముననే, జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు మొదలగువారి పరిశ్రమవలన అది 1995లో వెలసెను. ఆ పేరుగల మహనీయుని చరిత్రమును సంగ్రహముగా నిచ్చట వ్రాయుచున్నాము.

బ్రౌను 1798 నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించెను. తండ్రియగు డేవిడ్ బ్రౌను క్రైస్తవ గురువు. ఆయన కుమారునకు చిన్ననాటనే హీబ్రూ, పారసీ మొదలగు భాషలను నేర్పెను. 1812లో తండ్రి మరణింపగా కుటుంబము ఇంగ్లండునకు మరలెను. బ్రౌను అచ్చట హెయిలీబరీ కళాశాలయందు చదివి, కంపెనీవారి కొలువున 1817లో చెన్నపురి చేరెను. వెలగపూడి కోదండరామ పంతులుగారు ఆయనకు తెలుగు నేర్పిరి. 1820లో కడపకు ఉద్యోగియై వచ్చునాటికి ఆయనకు 21 సంవత్సరములు.

ఆ కాలమున మన కావ్యములు చాలవఱకు తాటియాకులమీదనే యుండెను. చెదలును, పురుగులును వానిని దినదినము తినివేయుచుండెను. ఒక వ్రాయసగాని తప్పు మఱియొకని నకలులో రెట్టింపగుచుండెను. చదువువారును తగ్గిపోయిరి.

బ్రౌనును తొలుత ఆకర్షించినవి వేమన పద్యములు. పండితులు పలువురు వానిని తేలికగా చూచుచుండగా, ఆయన అనేక ప్రతులను సేకరించి, పోల్చి, ఆంగ్లానువాదముతో 1829లో అచ్చు వేయించెను. 1826 ప్రాంతమున కడపలో నొక బంగళాను కొని, పండితులకును వ్రాయసగాండ్రకును తన జీతములోనుండి జీతములిచ్చి పని చేయించెను. ఒకే కావ్యమునకు పలుచోట్ల ప్రతులను తెప్పించి, పాఠభేదములను గుర్తించి, సరియైన పాఠమును కాగితముమీద శుభ్రముగా వ్రాయించుట వారి పద్ధతి. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైతబ్రహ్మయ్య మొదలగు పండితులు ఈ పనిలో ఆయనకు కుడిభుజములైరి. జీతము చాలనపుడు ఆయన అప్పులు చేసెను గాని పని మానలేదు.

1834లో ఆయన ఉద్యోగమునుండి తొలగింపబడెను. మఱియొకడైనచో నిరాశపడి యూరకుండును. బ్రౌను ఇంగ్లండునకు పోయి, లండనులోని ఇండియా హౌసు గ్రంథాలయమున దక్షిణదేశ భాషల వ్రాతప్రతులు రెండువేలకు మించి చదువు దిక్కులేక పడియుండుట చూచెను. అవి చదువగలవారున్న దేశమున నుండవలెనని వాదించి, చెన్నపురికి తిరిగి పంపించెను. తానును మరల కొలువులో చేరెను. కల్నల్ మెకంజీ సేకరింపించిన గ్రామచరిత్రలగు కైఫీయతులు జీర్ణించుచుండగా వానికి నకళ్లు తీయించెను. 1845లో తన వ్రాతప్రతులను చెన్నపురి సాహిత్య సంఘమునకు దానమిచ్చెను. అవి పిదప అచ్చటి ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారమును చేరెను.

1840లో ఆయన వ్యాకరణమును, 1852 మొదలుకొని నిఘంటువులును వెలువడెను. వేపేరిలోని క్రైస్తవ జ్ఞానవ్యాపక సంఘపు ముద్రాశాలయందు ఆ నిఘంటువులు అచ్చయ్యెను. గ్రంథభాషతోపాటు జనులు నిత్యము పలుకు మాటలకును ఆయన వానిలో చోటిచ్చెను. 1855లో ఇంగ్లండునకు మరలిన పిదప, 1865లో లండను యూనివర్సిటీ కాలేజీయందు తెలుగు ఆచార్యుడయ్యెను. ఆయన వివాహము చేసికొనలేదు. 1884 డిసెంబరు 12వ తేదీన 87వ యేట లండనులో మరణించెను.

విద్యార్థులారా! పుస్తకములు తమంతట తాము బ్రదుకవు. ఒకరు వ్రాయవలెను, ఒకరు కాపాడవలెను, ఒకరు చదువవలెను. బ్రౌను ధనము వెచ్చించెను. పేదపండితులు కన్నులు వెచ్చించిరి. ఇరువురకును మనము ఋణపడియున్నాము. పుస్తకపు పుట మడువకుండుటయు, అంచున గీతలు గీయకుండుటయు ఆ ఋణము తీర్చుటలో మొదటి మెట్టు. తల్లిదండ్రులకును మా మనవి యొకటి: మీ యింటి అటకమీద తాటియాకుల కట్టయో, పాత వ్రాతప్రతియో యున్నచో పొయ్యిలో వేయకుడు. సమీప గ్రంథాలయమున చూపుడు. మీ ఊరి చరిత్రమే అందులో నుండవచ్చును.