గరగర గొంతు

పోయినేడు ప్రార్థన పాడే గుంపులో నన్ను వెనక వరుసకి పంపారు. గొంతు గరగరమంటోందట. ఆ రోజుల్లోనే హాస్టల్లో క్రాన్‌బెర్రీస్ పాటలు వినడం మొదలెట్టాను. ఐర్లండు బ్యాండు, ముందు నిలబడి పాడేది డొలోరెస్ ఓ రియార్డన్. ఆవిడ గొంతు మధ్యలో విరుగుతుంది, ఆ విరిగిన చోటే నాకు బాగుంటుంది. ఇలా పాడేవాళ్ళు ఇంకెవరున్నారని ఒకరి వెంట ఒకరిని వింటూ పోతే ఒక రాత్రి జానిస్ జాప్లిన్ తగిలింది.

జానిస్ 1943 జనవరి 19న అమెరికాలోని టెక్సస్‌లో, పోర్ట్ ఆర్థర్‌లో పుట్టింది. చమురు శుద్ధి కర్మాగారాల ఊరు. లావుగా ఉందనీ, మొహం నిండా మొటిమలనీ బళ్ళో ఏడిపించేవాళ్ళు. స్నేహితుల దగ్గర బెస్సీ స్మిత్, లెడ్ బెల్లీ లాంటి నల్లజాతి గాయకుల రికార్డులు విని వాళ్ళలా పాడటం నేర్చుకుంది. అంటే తనూ నాలాగే ఒకరిని పట్టుకుని ఇంకొకరి దగ్గరికి పోయింది, యాప్ లేదంతే. ఆస్టిన్‌లో యూనివర్సిటీకి వెళితే, క్యాంపస్‌లో అందరికన్నా అనాకారి మగవాడెవరనే వేళాకోళం పోటీకి ఎవరో ఆమె పేరిచ్చారు. ఇది చదివిన రోజు నాకు మెస్సులో అన్నం సయించలేదు.

1963లో శాన్‌ఫ్రాన్సిస్కో పోయింది. మత్తుమందు పాలై రెండేళ్ళకి ఇల్లు చేరి, బుద్ధిగా మళ్ళీ కాలేజీలో చేరింది. 1966లో అక్కణ్ణించే పిలుపొచ్చింది, బిగ్ బ్రదర్ అండ్ ది హోల్డింగ్ కంపెనీ అనే బ్యాండుకి గాయని కావాలని. వాయించేవాళ్ళు నలుగురూ మగవాళ్ళే, ముందు తను. మరుసటేడు జూన్‌లో మాంటెరీ సంగీతోత్సవంలో బిగ్ మామా థార్న్‌టన్ పాట పాడింది. ఆ ఉత్సవం మీద తీసిన సినిమాలో, కింద కూర్చున్న కాస్ ఎలియట్ అనే గాయని నోరు తెరుచుకుని చూస్తుంటుంది. మీరూ చూడండి. 1968లో ఆ బ్యాండు ఆల్బం అమెరికాలో ఎనిమిది వారాలు మొదటి స్థానంలో ఉంది. తర్వాత జానిస్ వేరే బ్యాండ్లతో పాడింది.

నన్ను పట్టేసింది మాత్రం 1970 ఆగస్టు సంగతి. బెస్సీ స్మిత్ 1937లో పోయింది. ఫిలడెల్ఫియా దగ్గర ఆమె సమాధి మీద 33 ఏళ్ళు పేరు చెక్కిన రాయే లేదు. చిన్నప్పుడు బెస్సీ ఇంట్లో పనిచేసిన జువానిటా గ్రీన్, జానిస్, ఇద్దరూ డబ్బు వేసుకుని రాయి పెట్టించారు. తన గొంతు ఎవరిదగ్గర నేర్చిందో మరిచిపోలేదు చూడండి.

రెండు నెలలు తిరక్కుండానే, అక్టోబర్ 4న, హాలీవుడ్‌లో ఒక హోటల్ గదిలో హెరాయిన్ ఎక్కువై చనిపోయింది. వయసు 27. చేస్తున్న ఆల్బంలో ఒక పాటకి వాద్యాలు ముగించారు, ఆమె పాడటమే మిగిలింది. దాన్ని గొంతు లేకుండానే విడుదల చేశారు. బూడిద పసిఫిక్ సముద్రంలో కలిపారు గనక జానిస్‌కి సమాధి రాయి లేదు.

నేనిప్పుడు బెస్సీ దగ్గరున్నాను. 1920ల నాటి రికార్డులు, వెనక ఒకటే బరబర. కాలేజీ డేకి పాడేవాళ్ళ పట్టీలో నిన్న నా పేరు రాయించాను. ఒక్కదాన్నే పాడతానని చెప్పాను.